పెద్దాయన కసరత్తు

గోపన్‌పల్లి,
సోమవారం

రామాంజనేయులన్నకు,
నీ పాత ప్రతిపక్షం మొగిలి పెడుతున్న దండాలు.

ఫోను చేయవచ్చు. కానీ ఫోన్లు ఎవరెవరు వింటారో మంత్రిగా చేసినవాడివి, నీకే బాగా తెలుసు. అందుకే ఈ ఉత్తరం నా డ్రైవరు ఓదెలు చేత పంపుతున్నాను.

రెండేళ్ల కిందట ఒకే మైకు ముందు ఒట్టు పెట్టుకున్నాం. నువ్వు రాజకీయాలు మానేస్తే నేనూ మానేస్తానని. మానేశాను. మరి నువ్వు చేస్తున్నదేమిటి? మొన్న పొద్దున ఓదెలు కోకాపేటలో మీ టవర్ల ముందు నుంచి వస్తూ చూశాడట. "సార్, గడ్డి మీద మస్తు జనం ఉన్నరు. పెద్దసారు చెయ్యి లేపితే అందరు లేపుతున్రు" అన్నాడు. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

ఇట్లు,
మాట మీద నిలబడ్డ
మొగిలి

తా.క.: పార్టీ పెడితే పెట్టు. గొడుగు గుర్తు మాత్రం అడగకు. దాని మీద నాకు చాన్నాళ్లుగా కన్నుంది.


కోకాపేట,
ఇరవై ఏడో అంతస్తు, మబ్బుల పక్కన

తమ్ముడు మొగిలికి ఆశీస్సులు.

అబ్బీ, నా భుజం పట్టేసింది. చేతులు ఎత్తి దించమని డాక్టరమ్మ చెప్పింది. పచ్చికలో ఒక్కణ్నే ఎత్తుతుంటే, కంప్యూటర్ల ముందు కూర్చుని మెడలు పట్టేసిన సాఫ్ట్‌వేర్ పిల్లలు ఒక్కొక్కరే వచ్చి ఎదురుగా నిలబడ్డారు. నేను చెయ్యెత్తితే జనం ఎత్తడం కొత్తా? ఇది ఒట్టి కసరత్తు.

వాళ్లతో నాకు ఒకటే బాధ. ఏం చెప్పినా "ఓకే అంకుల్" అంటారు. ఇంట్లో నా కూతురు రమ్య "సరేలే నాన్నా" అంటుంది. అడ్డం తిరిగేవాడు ఒక్కడూ లేడు. మనిషి ముసలివాడయ్యాడని అప్పుడే తెలుస్తుంది.

ఇట్లు,
నీ అన్న
రామాంజనేయులు

తా.క.: నువ్వేమో రోజూ సాయంత్రం ఇంటింటికీ పోయి, బెల్లు కొట్టి, దండాలు పెడుతున్నావని మీ దగ్గరే ఉండే రమ్య స్నేహితురాలు భార్గవి చెప్పింది. ఒట్టు ఎవరు తప్పారబ్బా?


గోపన్‌పల్లి,
గురువారం

అన్నకు, మొగిలి నమస్కారం. ఈసారి చెయ్యి ఒక్కటే ఎత్తాను.

కసరత్తు అని నువ్వే రాసిచ్చావు! "అభ్యర్థుల ఎంపికపై కసరత్తు", "మంత్రివర్గ విస్తరణపై కసరత్తు" అని చిన్నప్పటి నుంచి పేపర్లో చదువుతూనే ఉన్నాను. ఆ మాటకు ఇంకో అర్థం ఉందని ఎవర్ని నమ్మిస్తావు? మా ఇంటావిడ నీలమ్మ మాత్రం "గాయనకు భుజం నొస్తె నీకెందుకయ్యా కడుపు నొస్తది?" అంటోంది.

పాత కార్యకర్తలకు కబురు పెట్టాను. ఆదివారం విలేఖరుల సమావేశం. నువ్వు ఒట్టు తప్పావని చెప్పి నేనూ బరిలోకి దిగుతాను.

ఇట్లు,
మొగిలి

తా.క.: ఇంటింటికీ తిరగడం ఓట్ల కోసం కాదు. మా దగ్గర బ్లాకులన్నీ ఒక్క తీరు. మా ఇల్లే అనుకుని బెల్లు కొడతాను. ఎవరో ఆడబిడ్డ తలుపు తీస్తుంది. దండం పెట్టక ఏం చేయాలి?


కోకాపేట,
శుక్రవారం

తమ్ముడికి దీవెనలు.

ఈ వయసులో నవ్వులపాలు కాకు. విలేఖరులను పిలిచే ముందు నువ్వే వచ్చి కళ్లారా చూడు. పొద్దున ఆరింటికి మొదలు.

ఇట్లు,
రామాంజనేయులు

తా.క.: గేటు దగ్గర సెక్యూరిటీ పేరు, పని అడుగుతాడు. చిన్నబుచ్చుకోకు. నన్నూ రోజూ అడుగుతాడు.


గోపన్‌పల్లి,
మరుసటి గురువారం

అన్నా,

నేను రాను. నీ గడప తొక్కను. నాకు నా మనుషులున్నారు, అన్నీ చెబుతారు. నిన్న ముందుగా ఎడమ చెయ్యి ఎందుకు ఎత్తించావు? వామపక్షాలతో పొత్తా? ఎనిమిదికే ఎందుకు ఆపావు? పది దాకా లెక్కపెట్టాలి. అంత కూడా తెలియదా?

విలేఖరుల సమావేశం అనివార్య కారణాల వల్ల వాయిదా పడింది.

ఇట్లు,
నిన్ను కనిపెట్టి ఉన్న
మొగిలి

తా.క.: మోకాళ్ల నొప్పులకు కూడా ఏదైనా చేయిస్తావా? ఓదెలు అడుగుతున్నాడు.


కోకాపేట,
శనివారం

ప్రియమైన తమ్ముడికి,

మంకీ క్యాపు పెట్టుకుని చివరి వరసలో నిలబడితే తెలియదనుకున్నావా? మొదటి రోజే పట్టేశాను. నేను వంగమన్నప్పుడు నిటారుగా నిలబడ్డవాడివి నువ్వొక్కడివే. పిలుద్దామని రమ్య అంటే వద్దన్నాను. ఇన్నాళ్లకు ఒకడు నా మాట వినలేదు. ఆ సంతోషం పోగొట్టుకోమంటావా?

నిన్న జ్వరమొచ్చి కిందికి దిగలేదు. బాల్కనీలోంచి చూస్తే పిల్లలు ఏం చేయాలో తెలియక నిలబడి ఉన్నారు. అంతలో నీ గొంతు ఇరవై ఏడో అంతస్తు దాకా వచ్చింది. "ఏంది గట్ల సూస్తున్రు? జర చేతులు లేపుండ్రి!" అందరూ నవ్వారు. అందరూ లేపారు.

సాయంత్రం మా అసోసియేషన్ సెక్రటరీ గిరీష్ వచ్చి నసిగాడు. "అంకుల్, మీరు రెస్ట్ తీసుకోండి. రోజూ క్యాప్ అంకులే చేయించాలని గ్రూపులో ఓటింగ్ పెట్టాం. అందరూ ఆయనకే వేశారు."

అందరిలో నా కూతురూ ఉంది.

సభలో మా ప్రభుత్వం మీద నువ్వు పెట్టిన అవిశ్వాస తీర్మానాలన్నీ వీగిపోయాయి. ఇదొక్కటి నెగ్గింది. అదీ మొహం చూపించకుండా! కాసేపు ఒళ్లు మండింది. తరువాత దుప్పట్లో పడి పడి నవ్వాను. జ్వరం దిగిపోయింది.

సోమవారం నుంచి ముందు నువ్వే నిలబడు. వెనక వరస నాది.

ఇట్లు,
ఇకపై ప్రతిపక్ష నాయకుడు,
రామాంజనేయులు

తా.క.: లెక్క తప్పితే ఊరుకోను. అక్కడికక్కడే వాకౌట్ చేస్తాను. డాక్టరమ్మ ఎలాగూ నడవమంది.