జుట్టుకు రాసిన మందు

చిరంజీవి బుజ్జిని నాన్న ఆశీర్వదించి రాస్తున్నది.

ఇక్కడ అమ్మా నేనూ క్షేమమే. నీ ఉత్తరం అందింది. అమ్మకి జలుబు తగ్గింది, నాకు కళ్ళజోళ్ళ షాపులో పని ఎప్పటిలాగే ఉంది, వంటింటి కుళాయి మాత్రం ఇంకా కారుతూనే ఉంది. క్షేమ సమాచారాలు ఇంతటితో అయిపోయాయి కనుక అసలు సంగతికి రావాలి. కానీ నా సంగతి నీకు తెలియనిది కాదు, వీధి చివరి దుకాణానికి వెళ్ళాలన్నా ఊరంతా చుట్టి వెళ్ళే మనిషిని. కొంచెం ఓపిక పట్టి చదువు.

ముందు మొన్నటి ఫోను సంగతి. కొత్తగా తెచ్చుకున్న పిల్లిపిల్ల నీ తలగడ మీదే, నీ తలకి ఆనుకుని పడుకుంటోందని, అచ్చం మన దొరలాగే చేస్తోందని ఉత్తరంలో రాశావు. జుట్టుకి మందు మళ్ళీ మొదలుపెట్టానని కూడా అందులోనే, కొంచెం పైన రాశావు. ఆ రెండూ చదివి వెంటనే నీకు ఫోను చేశాను. పిల్లని పడకగదిలోకి రానివ్వకు, తలుపు వేసుకో, ఆ సీసా దానికి అందకుండా పెట్టు అని చెప్పాను. ఎందుకని నువ్వు అడిగితే నీళ్ళు నమిలాను. "నీకు పిల్లులంటే మొదట్నించీ పడదు నాన్నా" అని పెట్టేశావు. నువ్వు తలుపు వేసి ఉండవని నాకు తెలుసు. కారణం తెలియనిదే ఏ పనీ చెయ్యవు, చిన్నప్పటి నుంచీ అంతే. ఆ కారణం చెప్పడానికే ఈ ఉత్తరం. బడిలో చదివే రోజుల్లో చొక్కాలో దాచుకుని నువ్వు తెచ్చిన పిల్లి మన దొర. అది పోయి ఏడాది కావస్తోంది. ఎలా పోయిందని నీకు రాశానో అది నిజం కాదు. ఉత్తరం చదవడం పూర్తయ్యేదాకా అయినా ఆ తలుపు వేసి ఉంచు.

నువ్వు అడిగిన ప్రశ్నలకి ముందు జవాబులు రాస్తాను. తప్పించుకోవడానికి కాదు, చెప్పబోయేదానికి అవీ కావాలి.

బట్టతల ఎవరి వైపు నుంచి వచ్చిందని అడిగావు. అమ్మని అడిగితే మా వైపు అంటుంది, నన్ను అడిగితే మీ మామయ్యని చూడమంటాను. మా నాన్నకి ముఖం కడుక్కునేటప్పుడు ఎక్కడ ఆపాలో తెలిసేది కాదు. మీ మామయ్య ఇంట్లో దువ్వెన ఉండేది కానీ అది అత్తయ్యది. చర్మవ్యాధుల డాక్టరమ్మ ఒకావిడ మా షాపులోనే కళ్ళజోడు చేయించుకుంటుంది. ఇది రెండు వైపుల నుంచీ రావచ్చని ఆవిడ చెప్పింది. కాబట్టి నీకు కోపం వస్తే ఇద్దరి మీదా సమంగా తెచ్చుకో.

హెల్మెట్ వల్ల ఊడుతోందేమో అన్నావు. మగవాళ్ళకి వచ్చే ఈ రకం బట్టతలకి హెల్మెట్ కారణం కాదట, టోపీ కూడా కాదట. జుట్టు కోసం హెల్మెట్ తీసి బండి నడిపావంటే జుట్టూ మిగలదు, తలా మిగలదు. ఇక పిన్ని చెప్పిన ఉల్లిపాయ రసం. దానికి గట్టి రుజువేమీ లేదని డాక్టరమ్మ నవ్వింది. ఆ మాట పిన్నికి చెప్పకు. బాబాయి ఇప్పటికీ రాసుకుంటున్నాడు, బస్సులో ఆయన పక్క సీటు ఎప్పుడూ ఖాళీయే.

మందు మొదలుపెట్టాక జుట్టు ఇంకా ఎక్కువ రాలుతోందని బెంగపడ్డావు. కొందరికి మొదటి వారాల్లో అలా రాలుతుందట, తర్వాత తగ్గుతుందట. పనిచేస్తోందో లేదో తెలియడానికే నాలుగైదు నెలలు పడుతుంది. నడినెత్తిన వచ్చినంత బాగా నుదుటి దగ్గర రాదు. మానేస్తే నిలబెట్టుకున్నది కూడా మెల్లగా పోతుంది. పళ్ళు తోముకోవడం లాంటిదే, ఇవాళ తోమాను కదా అని రేపు మానడానికి లేదు. ఎక్కువ రాస్తే ఎక్కువ వస్తుందనుకోవడం మాత్రం శుద్ధ తెలివితక్కువ. ఈ మాట కింద గీత గీశాను చూడు.

మాత్రల సంగతి డాక్టరుకి ఎదురుగా కూర్చుని నువ్వే అడుగు. చాలామందికి పనిచేస్తాయి, కొద్దిమందికి సంసారం విషయంలో కొన్ని ఇబ్బందులు వస్తాయి. తండ్రి కొడుక్కి ఇంతకంటే వివరంగా రాయలేడు. జుట్టు నాటించుకోవడం అంటావా, అది పెరట్లో మొక్కలు పీకి ముందు వాకిట్లో నాటడం. కొత్త మొక్కలేవీ పుట్టవు, ఉన్నవే చోటు మారతాయి. ఊడేది ఇంకా ఊడుతుండగానే తొందరపడి నాటిస్తే, నాటిన జుట్టు ముందర దీవిలా మిగిలి చుట్టూ ఖాళీ అయిపోతుందట. కొన్నాళ్ళు ఆగు.

ఇన్ని సంగతులు నాన్నకి ఎలా తెలుసునని నీకు అనుమానం వచ్చే ఉంటుంది. మా అబ్బాయి కోసమని డాక్టరమ్మని అడిగి తెలుసుకున్నాను. ఆవిడ నా నెత్తి వైపు ఒకసారి చూసి, "మీ అబ్బాయికి ఎన్నేళ్ళ నుంచి ఉందండీ?" అంది. అయితే ఇదంతా జరగవలసింది జరిగిపోయాక అడిగిన సంగతి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

పోయిన ఏడు మా షాపులో దొంగల భయానికి కెమెరా పెట్టించి, కౌంటరు పక్కన చిన్న తెర అమర్చారు. ఒక పూట తెర వైపు చూస్తే, ఎవరో పెద్దాయన ఫ్రేముల అర ముందు ఒంగి నిలబడి ఉన్నాడు. నడినెత్తి తోమిన పళ్ళెంలా మెరుస్తోంది. పాపం ఆయన్ని ఎవరూ పలకరించలేదే అనుకుని, మా మేనేజరుని పిలవడానికి చెయ్యి ఎత్తాను. తెరలో ఆయన కూడా చెయ్యి ఎత్తాడు. రోజంతా అద్దాల మధ్య బతికే మనిషిని నేను. ఎదురుగా చూసుకుంటే ఫరవాలేదనిపించేది. లోకం వెనక నుంచి చూస్తున్నది వేరే మనిషినని ఆ రోజు తెలిసింది.

ఆ నెలలోనే నువ్వు సెలవుకి వచ్చి, వెళ్తూ వెళ్తూ స్నానాల గదిలో అద్దం వెనక సగం సీసా మర్చిపోయావు. పంపమంటావా అని అడుగుదామనుకుని అడగలేదు. ఈ వయసులో ఈ సోకులేమిటని అమ్మ ఆట పట్టిస్తుందని, దీపం ఆర్పాక చీకట్లో రాసుకుని అలాగే తలగడ మీద వాలిపోయేవాణ్ణి. ఆరేదాకా ఆగాలని తెలియదు. కాస్త రాస్తే కాస్త వస్తుంది, చేతినిండా రాస్తే తలనిండా వస్తుందని నా లెక్క. సీసాతో పాటు మడిచిపెట్టిన కాగితం ఉంది. ముప్ఫై ఏళ్ళుగా జనం చేత చిన్న అక్షరాలు చదివించే వాణ్ణి, ఆ కాగితంలోని చిన్న అక్షరాలు మాత్రం విప్పి చూడలేదు.

నువ్వు ఉద్యోగానికి వెళ్ళాక దొర కొన్నాళ్ళు నీ మంచం మీద కూర్చుని గుమ్మం వైపు చూసింది. తర్వాత ఏమనుకుందో ఏమో, వచ్చి నా తలగడ ఎక్కింది. మొదట్లో నాకు అదంటే పడేది కాదు, నిజమే. తర్వాత తర్వాత అది రాకపోతే నాకు నిద్రపట్టేది కాదు. ఈ మాట ఎవరికీ చెప్పలేదు, నీకు కూడా. అది నా నడినెత్తిని నాలికతో నాకుతూ ఉండేది, పిల్లని నాకినట్టు. అది ఎక్కడ లేచిపోతుందోనని నేను కదలకుండా పడుకునేవాణ్ణి. నాకు చాలా హాయిగా ఉండేది బుజ్జీ. మందు మొదలుపెట్టిన తర్వాత కూడా అలాగే నాకింది, నేను అలాగే నాకనిచ్చాను. ఆ మందు పిల్లులకి విషం. తలగడకి అంటుకున్న తడి చాలు, ప్రాణం మీదికి తెస్తుంది.

ఒక రోజు అమ్మ పిన్నిని చూడ్డానికి వెళ్ళింది. వెళ్ళేముందు దొరకి ఇష్టమని చేపముక్క ఉడికించి పెట్టింది. మధ్యాహ్నానికి దొర మంచం కిందికి దూరింది. బయటికి తీస్తే కాళ్ళ మీద నిలబడలేకపోయింది. నోరు తెరిచి రొప్పుతోంది. దాన్ని తువ్వాలులో చుట్టి, టోపీ పెట్టుకుని జంతువుల డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. అక్కడ మా మేనేజరు తన కుక్కకి సూది వేయించడానికి వచ్చి కూర్చుని ఉన్నాడు. అప్పటికి కొత్తగా చేరిన కుర్రవాడు, తలనిండా వత్తుగా జుట్టు. పాపం మర్యాదగా లేచి నా పక్కనే నిలబడ్డాడు.

ఆ జంతువుల డాక్టరమ్మ దొర గుండె విని, చిగుళ్ళు చూసి, పడిందా, ఎవరైనా కొట్టారా అని అడిగింది. ఆ తర్వాత అడిగింది.

"మీ ఇంట్లో ఎవరైనా బట్టతలకి మందు రాసుకుంటారా?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి టోపీ మీదికి పోయింది. పక్కన మేనేజరు ఉన్నాడు.

"లేదండీ" అన్నాను. "మా ఇంట్లో అలాంటివేం లేవు."

బాగా గుర్తుచేసుకోమని ఆవిడ మళ్ళీ అడిగింది. మళ్ళీ లేదన్నాను. పోనీ ఏం తిన్నదంటే చేప అన్నాను. ఆవిడ నా మాట నమ్మి, తిన్నది పడలేదేమోనని దానికి వైద్యం మొదలుపెట్టింది.

తెలియక మందు రాసుకున్నాను, అది ఒక రకం. ఇది తెలిసి ఆడిన అబద్ధం. అంటే ఆ క్షణంలో ఆ మందుకీ దొర జబ్బుకీ ఉన్న సంబంధం నాకు తెలియదు, కానీ ఊరికే అడగరు కదా అన్నంత తెలివి నాకు ఉంది. ఉండి కూడా నోరు విప్పలేదు. నిద్రలో ముసలితనంతో పోయిందని నీకు రాశాను. అలా పోలేదు. ఊపిరి అందక కొట్టుకుని, సాయంత్రానికి ఆ బల్ల మీదే పోయింది. దాని తల నా అరచేతిలో ఉంది. చివరిదాకా నన్నే చూసింది, నేనేదో చేస్తాననుకుంది కాబోలు.

ఇంటికొచ్చి ఆ కాగితం విప్పి చదివాను. మర్నాడు ఆ జంతువుల డాక్టరమ్మ దగ్గరికి ఒక్కణ్ణే వెళ్ళి, టోపీ తీసి నిజం చెప్పాను. ముందే చెప్పి ఉంటే బతికేదా అని అడిగాను. చెప్పలేనంది. అలాంటి కేసుల్లో చాలా పిల్లులు దక్కవంది. అయితే ఒంటికి అంటిన మందు కడిగేదాన్ని, వేరే వైద్యం చేసేదాన్ని, ప్రయత్నమైనా సరిగ్గా చేసి ఉండేదాన్ని అంది. ఆవిడ నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ఇంకొకటి మిగిలి ఉంది, దీనికంటే కష్టమైనది. ఏమైందని అమ్మ అడిగినప్పుడు, తిన్నదేదో పడలేదేమోనని డాక్టరు అనుకుందని చెప్పాను. ఆ రోజు నుంచి మన ఇంట్లో చేప వండలేదు. చేపలమ్మే మనిషి కేక వినిపిస్తే వీధి తలుపు వేసేస్తుంది. నీతో ఫోనులో దొర మాట వచ్చినప్పుడల్లా ఆవిడ పక్కకి తప్పుకునేది అందుకే. తన చేత్తో పెట్టిన ముక్కే దాన్ని చంపిందని ఆవిడ ఏడాదిగా కుమిలిపోతుంటే, నేను పక్కన కూర్చుని పేపరు చదువుకున్నాను. చెప్పడానికి ప్రతిరోజూ వీలుంది. చెప్పలేదు.

ఇదంతా రాయకుండా, ఎక్కడో చదివానని నీకు రెండు ముక్కలు రాసి సరిపెట్టవచ్చు. అలా ఒక ఉత్తరం రాశాను కూడా. చదువుకుంటే నాకే నమ్మబుద్ధి కాలేదు, చించి పారేశాను. అదీకాక ఆ సీసా నీదేనని నువ్వు బాధపడతావేమోనని ఇన్నాళ్ళూ ఒక సాకు. సీసా నీది కావచ్చు బుజ్జీ, రాసుకున్న చెయ్యి నాది, అబద్ధమాడిన నోరు నాది. నువ్వు దాన్ని నెత్తిన వేసుకోకు.

మందు మానతావో, ఇంకో దారి చూస్తావో నీ డాక్టరుతో మాట్లాడుకో. ఇంట్లో పిల్లి ఉందని ముందే చెప్పు. అప్పటిదాకా సీసా బీరువాలో పెట్టి తాళం వెయ్యి, తలగడ గలీబులూ దుప్పట్లూ ఉతుకు, ఆ పిల్లని నీ తల నాకనివ్వకు. దానికి ఎప్పుడైనా నలతగా కనిపిస్తే ఆలోచించకుండా పరిగెత్తు. డాక్టరు ఏం అడిగితే దానికి ఉన్నది ఉన్నట్టు చెప్పు, పక్కన ఎవరున్నా సరే.

ఇంతవరకూ రాసి అమ్మని కూర్చోబెట్టి చదివి వినిపించాను. నీకు చెప్పి ఆవిడకి చెప్పకపోతే మళ్ళీ సగం దొంగతనమే. కెమెరా దగ్గర నవ్వింది. సీసా దగ్గర నవ్వు ఆగింది. ఆ తర్వాత నేను తల ఎత్తి ఆవిడ ముఖం చూడలేదు. చదవడం అయిపోయింది.

"అయితే ఆ చేప మంచిదేనా?" అని అడిగింది.

మంచిదే అన్నాను.

"తాజాదే తెచ్చాను" అంది. తాజాదే అన్నాను. ముఖం రెండు చేతులతో తుడుచుకుని, లేచి, నా చేతిలోంచి కాగితాలు తీసుకుంది. రేపు షాపుకి వెళ్తూ పోస్టులో వేస్తానన్నాను.

"మీరు వెయ్యరు" అంది. "నేనే వేస్తాను."

ఈ నాలుగు ముక్కలు రాయడానికి ఆవిడని అడిగి మళ్ళీ తీసుకున్నాను. చెప్పులు వేసుకుని, చెయ్యి చాపి గుమ్మంలో నిలబడి ఉంది. ఇచ్చేస్తున్నాను.

ఇట్లు,
నీ నాన్న