చిట్టి రంగు మార్చడానికి వీల్లేదు

ఏలూరు జిల్లా నూజివీడులో పుస్తకాల కొట్టు నడుపుతున్న కొత్త పుష్పావతి అనే నేను, కీ.శే. వెంకటరత్నం గారి భార్యను, వయసు అరవై ఎనిమిది, బుద్ధి నిలకడగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా, నా ఫోనులో నేనే టైపు చేసి ప్రింటు తీయించిన వీలునామా ఇది. ఇంతకుముందు రాసినవేవీ చెల్లవు. నాకు షుగరు ఉంది గానీ మతిమరుపు లేదు. కోపం మాత్రం బాగా ఉంది. కోపంలో రాసిందని మా అబ్బాయి తరుణ్ పేచీ పెడతాడేమోనని డాక్టరు సర్టిఫికెట్ జత చేశాను.

1. కొట్టు, సరుకు, పైనున్న రెండు గదులు తరుణ్‌కి. కష్టపడతాడు. కొట్టు విషయంలో వాడి మీద నాకే అనుమానమూ లేదు.

2. నా గాజులు కోడలు సాయిలక్ష్మికి. నా కాళ్లు వాచినప్పుడు అడగకుండానే వేణ్ణీళ్లు పెట్టిన పిల్ల. చెరిపించి కొత్త మోడల్ చేయించుకున్నా నాకేం అభ్యంతరం లేదు.

3. ఇక అసలు సంగతి, ‘తోటలో చిట్టి’ అనే పిల్లల బొమ్మల పుస్తకం. కథ నాది. బొమ్మలు అనూషవి. చాట్రాయిలో మా మామిడి తోట కోతకొచ్చే సాంబయ్య కూతురు, నా కొట్లో రంగు పెన్సిళ్లు కొనుక్కుంటూ పెరిగింది. తను గీసిన చిట్టి నల్లగా ఉంటుంది, చిక్కం కర్రతో కాయలు కోస్తుంది, కాయ సొన పడి బుగ్గ మీద మచ్చ కూడా ఉంటుంది. మొదటిసారి నేనే అచ్చేయించాను, అన్నీ అమ్ముడయ్యాయి. అప్పుడు విజయవాడ పబ్లిషరు ఒకాయన రాష్ట్రమంతా అమ్ముతానని వచ్చాడు.

ఆయన పంపిన శాంపిల్ చూస్తే చిట్టి పాలమీగడలా ఉంది! మచ్చ మాయం. కథలో కాయలు దొంగిలించేవాణ్ణి మాత్రం ఇంకాస్త నల్లగా చేశారు. ఇదేంటండీ అంటే, “మీ ఊళ్లో పెట్టె కట్టేటప్పుడు రంగు తిరిగిన కాయలే పైవరసలో పెడతారు కదా మేడం, ఇదీ అంతే” అన్నాడు. ఏరి పైన పెట్టడం వేరు, కార్బైడ్ పొడేసి రంగు తెప్పించడం వేరు. మా ఆయన మామిడికాయల వ్యాపారం చేసినన్నాళ్లూ ఆ పొడిని గడప తొక్కనివ్వలేదు. నేను పుస్తకంలోకి రానిస్తానా?

“అమ్ముడుపోవడమేగా అమ్మా కావాల్సింది, సంతకం పెట్టేయ్” అన్నాడు తరుణ్. వాడి కూతురు, ఏడేళ్ల అక్షయ, నా రంగే, ఆ శాంపిల్ చూసి “నానమ్మా, చిట్టి స్నానం చేసిందా?” అని అడిగింది. అడిగి తన చెయ్యి రుద్దుకోవడం మొదలుపెట్టింది. తరుణ్, నువ్వక్కడే ఉన్నావు. ఫోను చూసుకుంటున్నావు.

4. కాబట్టి ఆ పుస్తకం మీద నాకున్న హక్కులన్నీ అనూషకి. అనూష రాతపూర్వకంగా ఒప్పుకోకుండా ఎవరూ చిట్టి రంగు, జుట్టు, మచ్చ ముట్టుకోకూడదు. చాట్రాయి తోట కూడా అనూషకే, దాని మీద వచ్చేదాంతో పుస్తకం మళ్లీ అచ్చేయించుకోవాలి. తర్వాతి పుస్తకంలో చక్రాల కుర్చీలో తిరిగే పిల్లను గీస్తానంది. గియ్యనివ్వండి. ఎవరు కొంటారని అడిగి ప్రాణం తీయకండి.

5. అనూష నాకిచ్చిన చిట్టి అసలు బొమ్మ అక్షయకి. మంచానికి ఎదురుగా తగిలించండి. పొద్దున్నే అద్దం కంటే ముందు అదే కనపడాలి.

6. ఇదంతా అమలు చేసే బాధ్యత మా తమ్ముడు నారాయణరావుది. మేనల్లుడు బతిమాలితే కరిగిపోయే రకం. నారాయణా, ఈసారి కరిగావంటే ఊరుకోను.

7. నేను పోయాక దండ వేయడానికి ఫోటో పెద్దది చేయిస్తారు. స్టూడియోవాడు అడక్కుండానే మొహానికి తెలుపు కొడతాడు. మా ఆయన ఫోటో అలాగే పాడుచేశాడు, ఎవరికో దండ వేస్తున్నట్టుంటుంది నాకు. నా మొహం జోలికి రానివ్వకండి. నల్లగా పుట్టాను, నల్లగానే గోడెక్కుతాను.

నూజివీడు, 14 జూన్ 2025

(సంతకం) కొత్త పుష్పావతి

పుష్పావతి గారు మా ఎదుట చదువుకుని సంతకం చేశారు, ఆమె ఎదుటే మేమూ చేశాం:
1. కృపావతి, టీచరు, బాపులపాడు
2. చార్లెస్, జెరాక్స్ షాపు, నూజివీడు