రాళ్లవానకు నా మతి పోలేదు

అమ్రాబాద్

చిరంజీవి దివాకర్‌కు అక్క ఆశీస్సులు.

రాళ్లవాన దెబ్బకు నాకు మతి చలించిందని జడ్చర్ల దాకా పాకిన వార్త అబద్ధం. ఇత్తడి గంజు నెత్తిన బోర్లించుకొని వాకిట్లోకి వెళ్లిన మాట మాత్రం నిజం. కొట్టం కూలుతుంటే బర్రెను విప్పేదెవరు? పొరుగింటి సైదమ్మ వాన ఆగాలని ఆనవాయితీగా వాకిట్లోకి రోకలి విసిరి, "అవ్వా, జర ఆగి పోరాదు" అన్నది. "ముందు నీ రోకలిని ఆపు, రాళ్లకన్న అదే భయంగా ఉన్నది" అన్నాను. బర్రెకు వీపు గీసుకుపోయింది, అంతే.

మరదలి మోకాలి నొప్పి తగ్గిందా? బర్రె గాయానికి మందు ఇక్కడ దొరకలేదు, బస్సులో పంపు.

బర్రెను అమ్మించి నన్ను తీసుకుపోవడానికి ఆదివారం వస్తానన్నావు. భోజనానికి రా, బేరగాణ్ణి వెంట తేవద్దు. కొట్టం నిన్ననే మళ్లీ కట్టించాను, ఈసారి రెండు బర్రెలు పట్టేటట్టు.

నీ అక్క
ప్రమీలాదేవి