మా అమ్మ ఎవరని అడిగితే

ఓర్వకల్లు,
మంగళవారం

ఎదురింటి లింగమ్మ పెద్దమ్మకు దండాలు పెట్టి రాస్తున్నాను.

నాకిప్పుడు ఎనిమిదో నెల. అమావాస్య దాటితే తొమ్మిది. తొలి కాన్పుకు పిలుచుకుపోతానని మొన్న నాయన వచ్చాడు. అత్తగారు, "తల్లి లేని ఇంటికి ఎట్ల పంపేదప్పా? బాలింతకు నీళ్లు నువ్వు పోస్తావా?" అన్నారు. నాయన తల వంచుకుని వెళ్లిపోయాడు. నేను తలుపు వెనకే ఉన్నాను.

నిరుడు మా తోడికోడలు ఈ ఇంట్లోనే కాన్పులో పోయింది. ఆ గదినే నాకు అలికి పెట్టారు. ఆయనతో చెబితే, "అమ్మ మాట ఎట్ల కాదనేది?" అంటారు.

కర్నూలులో మన సందే గుర్తొస్తోంది. నా తల దువ్వింది మీరు. అక్షరాలు దిద్దించింది కృపమణక్క. పండగ సేమియా ఖాసింబీ అవ్వ ఇంట్లో. ఎవరింట్లో నిద్రొస్తే అక్కడే పడుకునేదాన్ని. నాయన లాంతరు పట్టుకుని వెతుకుతుంటే, "ఈడే పండుకోనుండాది లేప్పా, పొద్దున్నే పంపుతాం" అనేవాళ్లు.

సందులో పిల్లలందరికీ ఖాసింబీ అవ్వే మంత్రసాని. నేను పుట్టింది కూడా ఆమె చేతుల్లోనే. ఆమె దగ్గరుంటే నాకు భయం ఉండదు.

విదియనాడు చలిమిడి పట్టుకుని, బండి కట్టించుకుని మీరు ముగ్గురూ రండి. ఒక్కరే రావద్దు. "మీలో తల్లి ఎవరు?" అని అత్తగారు తప్పకుండా అడుగుతారు. అప్పుడు ఒకరి ముఖం ఒకరు చూసుకోవద్దు. ముగ్గురూ "నేనే" అనండి.

మీ సందు బిడ్డ