నీళ్ళ దొడ్డి తలుపు

తమ్ముడు క్లేటన్‌కి,

సరిహద్దు గోడ ఇంకా ఎత్తు పెంచాలని రాశావు. ఒకప్పుడు నేనూ అదే అన్నాను. మన పశువులు చూసే ఆన్సెల్మోకి కాగితాలు లేవని నీకు తెలుసు. గోడ రాకముందు ఏటా క్రిస్మస్‌కి మెక్సికో వైపు సొనోరాలో ఉన్న తల్లి దగ్గరికి వెళ్ళి, ఆవుల ఈతల వేళకి తిరిగొచ్చేవాడు. గోడ వచ్చాక, వెళ్తే మళ్ళీ రాలేనని ఇక్కడే ఉండిపోయాడు. పోయిన వారం ఆ తల్లి పోయింది. వాడు వెళ్ళలేదు.

నిన్న ఇద్దరం, మేతకి వదిలిన పశువుల్ని పట్టే నీళ్ళ దొడ్డికి తలుపు బిగించాం. అదే, దాహంతో వచ్చిన పశువు తోసుకుని లోపలికి రాగలదు కానీ బయటికి పోలేని తలుపు.

"సరిగ్గా బిగించరా," అన్నాను.

"ఈ తలుపు సంగతి నాకు చెప్పాలా, పెద్దయ్యా?" అన్నాడు.

గోడ గురించి అంత రాశావు కదా, వాడికేం జవాబు చెప్పాలో కూడా రాయి.

అన్నయ్య