మామిడి లారీలు, మంచినీళ్ల కుళాయి

ఏప్రిల్ 7, 2003
ఉద్యోగంలో మొదటి రోజు. గవర్నర్‌పేటలో మేడ మీద ఆఫీసు, మైలవరం దగ్గర ఫ్యాక్టరీ — మామిడి గుజ్జు తీసి డబ్బాల్లో నింపుతారు. నా బల్ల మీద కొత్త చెక్క: 'నస్రీన్, ఎం.ఏ. పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్, లైజన్ ఆఫీసర్'. ఆ చివరి ముక్క ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. కంపెనీకీ గవర్నమెంటుకీ మధ్య మాట్లాడే పని అని చెప్పాను. మా నాన్న, అదే అబ్బా, టైలరు కదా, కత్తెర ఆపకుండానే, "అంటే సంబంధాలు కుదిర్చే పనన్నమాట!" అమ్మీ నవ్వు ఇంకా ఆగలేదు.

ఏప్రిల్ 8
నాకు పని నేర్పేది ప్రకాశం గారు. రెవెన్యూ ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరై ఇక్కడ చేరారు. నేను చట్టాల పుస్తకం తీయగానే చెయ్యి అడ్డం పెట్టారు. "సెక్షన్లు తర్వాతమ్మా. ముందు ఫైలు ఎవరి టేబుల్ మీదుందో కనుక్కో."
రెండేళ్ల చదువులో ఈ పాఠం లేదు. రాసుకున్నాను.

ఏప్రిల్ 10
పిడుగు! సబ్‌కలెక్టర్ ఆఫీసు నుంచి ఉత్తర్వు — ఫ్యాక్టరీకి పోయే ఊరి రోడ్డు మీద పగలు లారీలు తిరగకూడదు. సరిగ్గా కాయ దిగే వేళకి! హనుమాన్ జంక్షన్ వైపు నుంచి వచ్చిన లోడు ఎండలో నిలబడిపోతే సాయంత్రానికి మెత్తబడి కారిపోతుంది.
ఎండీ కోటేశ్వరరావు గారు రైతుబిడ్డ. ఆఫీసులో మాట్లాడినా పొలం గట్టు మీద నుంచి పిలిచినట్టే ఉంటుంది. "ఆ ఆర్డరు కేన్సిలవ్వాలి. ఎట్టా చేయిస్తారో నాకు తెలవదు."
చూపు ప్రకాశం గారి మీద కాదు. నా మీద.

ఏప్రిల్ 11
ఉత్తర్వు నాలుగుసార్లు చదివాను. కారణం ఒక్కటే — ఊరివాళ్ల కోరిక మేరకు, బడిపిల్లల భద్రత కోసం. బడిపిల్లలు! ఇంకో రెండు వారాల్లో వేసవి సెలవులు కదా… బడి లేనప్పుడు ఉత్తర్వుకి కారణమే లేదు!
మూడు పేజీల వినతిపత్రం. క్లాసులో చెప్పిన వరుసలోనే — సమస్య, కారణం, ప్రత్యామ్నాయం. నాకు నేనే వందకి తొంభై వేసుకున్నాను.

ఏప్రిల్ 12
ఎండీ గారు చదివి బల్ల చరిచారు. మెచ్చుకుంటూనే. ప్రకాశం గారు మాత్రం మూడో పేజీ దాకా వచ్చి కళ్లజోడు తీశారు. "బాగా రాశావమ్మా. ఆ ఊరు చూశావా?"
చూడలేదు…
క్లాసులో మా మేడం ఎప్పుడూ అనేవారు — ఉత్తర్వు వచ్చాక ఒకరు బాధపడతారు, రాకముందు ఇంకెవరో బాధపడి ఉంటారు, ఆ మనిషిని వెతకండి అని. పరీక్షలో ఆ మాటే రాసి మార్కులు తెచ్చుకున్నాను. వెతకడం మాత్రం మర్చిపోయాను.

ఏప్రిల్ 15
బస్సెక్కి ఒక్కదాన్నే ఆ ఊరు వెళ్లాను. బడి ఊరి చివర — లారీలు పోయే రోడ్డుకి ఎంతో దూరం! మరి?
సర్పంచ్ దుర్గమ్మ గారు గేదెకి గడ్డి వేస్తూనే చెప్పారు. "బడని మేం చెప్పలేదమ్మా. అర్జీ రాసిపెట్టినాయన అట్టా రాశాడు. మా ఇళ్లు రోడ్డుకి ఈపక్క, మంచినీళ్ల కుళాయి ఆపక్క. పొద్దునా సాయంత్రం నీళ్లొదులుతారు. బిందె చంకనెట్టుకుని లారీకి అడ్డంగా పరిగెత్తమంటావా?"
పోయినేడు ఆవిడ కోడలి కాలు అలాగే విరిగిందట. "మీ ఫ్యాక్టరీకొచ్చే లారీయే" అన్నారు. గొంతులో కోపం లేదు. తర్వాత గ్లాసుడు మజ్జిగ ఇచ్చారు. తాగడానికి సిగ్గేసింది. తాగాను.

ఏప్రిల్ 16
మూడు పేజీలూ చింపేశాను. తొంభై మార్కులూ పోయాయి.
కొత్తది ఒకటిన్నర పేజీ. నీళ్లు వదిలే వేళల్లో, పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు, లారీలు రావు. మిగతా పగలంతా నెమ్మదిగా పోతాయి. ఊళ్లో రెండు స్పీడ్‌బ్రేకర్లు, ఇళ్ల వైపున కొత్త కుళాయి. ఖర్చు కంపెనీది.
ఎండీ గారి ముఖం కందిపోయింది. "నిన్ను పెట్టుకుంది మన తరఫున మాట్లాడతావని. వాళ్ల తరఫున కాదు."
అయినా అన్నాను — "మన వైపే రాస్తే వాళ్లు మళ్లీ అర్జీ పెడతారండీ. వచ్చే సీజన్లో, సరిగ్గా కాయ దిగేటప్పుడే పెడతారు."
ఆయన కాగితం మళ్లీ మొదటి నుంచి చదివారు. చివరికి… "కుళాయి ఒకటి సరిపోద్దా?"

ఏప్రిల్ 17
అబ్బాది మహా హుషారు. "ఆ సబ్‌కలెక్టర్ ఆఫీసులో సగంమంది ప్యాంట్లు నేను కుట్టినవే. నడుం కొలతలు కావాలా బేటా?"
వద్దని దణ్ణం పెట్టాను.

ఏప్రిల్ 21
సోమవారం, అర్జీలు తీసుకునే రోజు. సబ్‌కలెక్టర్ ఆఫీసు వరండా నిండా జనం. ప్రకాశం గారు అటెండరు మొదలుకుని అందరినీ పలకరిస్తున్నారు. "పెద్దమ్మాయి ఇంటరయిందా? మీ నాన్నగారి మోకాలెట్టా ఉంది?" ఎవరికీ ఏమీ ఇవ్వలేదు. అయిదు నిమిషాల్లో మా ఫైలు ఎక్కడుందో తెలిసిపోయింది!
దుర్గమ్మ గారు కూడా వచ్చారు. నేనే రమ్మన్నాను. ఎండీ గారికి చెప్పలేదు…
అధికారి ఒకటిన్నర పేజీ చదివి తలెత్తారు. "కంపెనీ కాగితంలో ఊరి కుళాయా! ఎవరు రాశారు?"
"నేనేనండీ."
ఆయన దుర్గమ్మ గారి వైపు తిరిగారు. "మీకు సమ్మతమేనా?"
"ముందు కుళాయి, తర్వాత లారీలు. అట్టాగైతే సమ్మతమేనండీ."
నా కాగితంలో లేని షరతు. నాకెందుకు తట్టలేదు! ఆయన పెన్ను తీసి అంచున రాసుకున్నారు.

ఏప్రిల్ 29
కుళాయిలో నీళ్లు. చేతిలో సవరించిన ఉత్తర్వు. రోడ్డు మీద మొదటి లారీ — స్పీడ్‌బ్రేకరు ఎక్కుతూ డ్రైవరు ఎవరినో తిట్టుకుంటున్నాడు. నన్నే అయ్యుంటుంది. ఎంత హాయిగా ఉందో!
ఎండీ గారు బుట్టెడు బంగినపల్లి కాయలు ఇంటికి పంపారు. అమ్మీ ఒకటి వాసన చూసి, "నీ ఉద్యోగం ఇప్పుడర్థమైంది."

మే 6
ప్రకాశం గారు నా కాలేజీ నోట్సు అడిగి ఇంటికి పట్టుకెళ్లారు.

మే 7
నోట్సు తిరిగిచ్చారు. "ముప్పై ఏళ్లు నేను చేసినదానికి ఒక పేరుందన్నమాట! ఎవరూ చెప్పలేదేంటమ్మా?"
ఇద్దరం కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వాం.

మే 14
దుర్గమ్మ గారు వెతుక్కుంటూ గవర్నర్‌పేట వచ్చేశారు. చేతిలో నాలుగు తెల్లకాగితాలు. ఫ్యాక్టరీ కడిగిన నీళ్లు ఊరి కాలవలో కలుస్తున్నాయట. గేదెలు మూతి పెట్టడం లేదట. "అర్జీ రాసిపెట్టమ్మా. నువ్వు రాస్తే ఆఫీసర్లు చదువుతారు."
"అది మా కంపెనీ మీదే కదండీ…"
"తెలుసులే. అందుకేగా నీ దగ్గరికొచ్చింది."
లోపలి గదిలోంచి ఎండీ గారి గొంతు వినిపిస్తూనే ఉంది. కాగితాలు తీసుకున్నాను.

మే 15
పొద్దున్నే వెళ్లి కాలవ చూశాను. పసుపుపచ్చటి నురగ, పులిసిన వాసన. ఆవిడ చెప్పింది నిజమే.
ఎండీ గారి గది ముందు రెండుసార్లు నిలబడి వెనక్కొచ్చాను. మూడోసారి తలుపు తట్టాను.
"రామ్మా, ఏంటి సంగతి?"
తెల్లకాగితాలు బల్ల మీద పెట్టి కాలవ సంగతంతా చెప్పాను. రాయమని ఎవరడిగారో కూడా చెప్పాను. ఆయన ఆ ఖాళీ కాగితాలనే చదువుతున్నట్టు చూశారు. ఒకటి తిరగేశారు కూడా.
"రేపు నేనూ వస్తా. ముందు నాకు చూపించు. అప్పటిదాకా రాయమాక."
అప్పటిదాకా రాయనన్నాను. చూశాక రాయనని మాత్రం అనలేదు. ఆయనా అడగలేదు…