చప్పట్లు

చెరుకుపల్లి మండలం,
ఆగస్టు 2005

డాక్టరుగారికి,

బాపట్లలో పెడుతున్న రెండో శిక్షణకు ఆదర్శ ఉపాధ్యాయురాలిగా వచ్చి మాట్లాడమని రాశారు. నేను రాను.

కుష్ఠుమచ్చను దూదితో తాకి గుర్తుపట్టడం మొదటి శిక్షణలో ఒక్కపూటలో నేర్పేశారు. "ఇంతేనండి టీచరుగారూ, దీనికి డాక్టర్లే అక్కర్లేదు" అన్నారు. నేను పిల్లలకు నేర్పాను, ఇల్లిల్లూ తిప్పాను. మా బడిలో మధ్యాహ్న భోజనం వండే మస్తాన్‌బీ మోచేతి మీద స్పర్శ లేని మచ్చను ఏడో తరగతి చంద్రిక కనిపెట్టింది. సరైన జవాబు చెప్పినవాళ్లకు చప్పట్లు కొట్టడం మా క్లాసులో అలవాటు. నడివీధిలో పిల్లలంతా చప్పట్లు కొట్టారు.

"ఏదో మంచి మాటే అనుకుని నేనూ నవ్వానమ్మా" అంది మస్తాన్‌బీ తర్వాత.

మచ్చ దొరికాక నోరెలా మూసుకోవాలో మీ శిక్షణలో లేదు. మందు మొదలుపెట్టాక ఆ జబ్బు ఎవరికీ అంటదని ఇంటింటికీ వెళ్లి చెప్పాను. అయినా పిల్లలందరికీ ఇళ్ల నుంచే క్యారేజీలు వస్తున్నాయి.

మాట్లాడటానికి నేను రాను గాని, భోజనానికి మీరు రండి. ఆమె వండిన అన్నం రోజూ పిల్లల ముందు కూర్చుని నేనొక్కదాన్నే తింటున్నాను. ఎవరూ చప్పట్లు కొట్టడం లేదు.

ఇట్లు,
మీరు మెచ్చుకున్న టీచరు